ఇన్నమ్మ కూతురి గొంతు

రెంటచింతల ఎండ గురించి రేడియోలో చెబుతారు, పేపర్లో రాస్తారు. అయినా మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ బస్సు దిగి అరమైలు నడిచినవాళ్ళకు తప్ప ఆ ఎండ సంగతి ఎవరికీ తెలియదు. సుందరి చీర కొంగు ముఖమంతా చుట్టుకుని, కళ్ళు మాత్రం బయటపెట్టి చర్చి వీధిలో నడుస్తోంది. కొంగు చుట్టుకున్నది ఎండకని కొంత, ఎవరూ గుర్తుపట్టకూడదని కొంత. పదకొండేళ్ళుగా టీవీలో కోడలిని రాచిరంపాన పెట్టే అత్తగా రోజూ కనబడే మనిషికి పల్నాట్లో బస్టాండు అంత భద్రమైన చోటు కాదు. కిందటిసారి మాచర్లలో ఒక ముసలామె జబ్బ పట్టుకుని ఆపేసి, "ఆ పిల్లని అట్టా కాల్చుకు తింటన్నావు, నీకు ఆడపిల్లలు లేరంటే?" అని నిలదీసింది. "తప్పయిపోయింది పిన్నీ, ఇంక చెయ్యను" అని ఒప్పుకుంటే గాని వదల్లేదు. నిజానికి సుందరికి ఆడపిల్లలూ లేరు, మగపిల్లలూ లేరు. ఉన్నదల్లా ఈ ఊళ్ళో తల్లి, తమ్ముడు శౌరి.

ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల కూలర్ మోతను మించి టీవీ మోగుతోంది. "నా ఇంటి గడప దాటి ఎలా వెళతావో నేనూ చూస్తాను" అంటోంది టీవీలో ఒక ఆడగొంతు. కడిగి ఆరబెట్టినంత శుభ్రమైన గొంతు. పదకొండేళ్ళుగా సుందరి పెదవుల మీద కాపురం ఉంటున్న గొంతు అది.

నులక మంచం మీద తల్లి ఇన్నమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నీటికాసుల జబ్బుతో ఆమె రెండు కళ్ళూ పోయి నాలుగేళ్ళయింది. మంచం పక్కన నేల మీద పొరుగింటి మాబున్నీసా మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, కళ్ళు టీవీకి అప్పగించి, నోరు ఇన్నమ్మకు అప్పగించింది.

"ఇప్పుడా కోడలు పిల్ల సంచి సర్దుకుంటంది వదినా. మన సుందరి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఎర్ర పట్టుచీర. చెవులకి జుంకీలు ఊగుతుండయ్యి. మూతి ఇట్టా పెట్టింది."

"ఎట్టా?"

"పచ్చట్లో ఉప్పు ఎక్కువైతే నువ్వు పెడతావే, అట్టా."

ఇన్నమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. రాత్రి ఏడున్నరకు వచ్చే సీరియల్‌ని మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వేస్తారు. రాత్రి తన ఇంట్లో చూసేసి, మధ్యాహ్నం ఇక్కడ వదినకు చూపించడం మాబున్నీసా దినచర్య. నాలుగేళ్ళలో రంజాను రోజులు తప్ప ఆమె మానింది లేదు. ఆ రోజుల్లో కూడా ఎవరో ఒకర్ని పంపేది గానీ, వాళ్ళు చీర రంగు చెప్పరని ఇన్నమ్మకు నచ్చేది కాదు.

సుందరి గుమ్మంలో చెప్పులు విడిచింది. ఆ చప్పుడుకే తల్లి తల తిరిగింది.

"వచ్చినావా?" అంది ఇన్నమ్మ, పొద్దున వెళ్ళిన మనిషి సాయంత్రం వచ్చినట్టు. "నిన్ను తిట్టాల్సినయ్యి చానా ఉండయ్యి. ముందు కాళ్ళు కడుక్కో. అన్నం తిన్నాక తిడతా."

ఎనిమిది నెలల తర్వాత వచ్చిన కూతురికి అంతకంటే పెద్ద స్వాగతం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. సుందరి కాళ్ళు కడుక్కుని వచ్చి, గోంగూర, మజ్జిగ కలుపుకుని, నేల మీదే కూర్చుని తింది. తినడం అయ్యాక కూడా తిట్లు రాలేదు. ఇన్నమ్మ తిట్లు ఎప్పుడూ వాయిదాలోనే ఉంటాయి.

"సాగర్ కాడ షూటింగు అమ్మా. విజయపురి సౌత్‌లో. ఐదు రోజులు. సినిమా. తల్లి వేషం. జైలుకి పోయిన కొడుకు తిరిగొస్తాడు. మన పక్క కథే."

"టీవీ అయితే ఏంది, సినిమా అయితే ఏంది?" అంది ఇన్నమ్మ. "రోజూ నీ మొగం వస్తందని మాబూ చెబుతది. నాకేంది? కళ్ళు పోయినకాడ్నించి నువ్వు టీవీలో రావటంలేదే."

కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది ఆ మాట. నిష్ఠూరం లేదు. అందుకే సుందరికి ఎక్కువ తగిలింది. తల్లికి చూపు ఉన్నప్పుడు ముఖమైనా ఉండేది. చూపుతో పాటు ముఖం పోయాక మిగిలింది హైదరాబాదులో ఎవరో పూర్ణిమ గొంతు. తొలి సీరియల్ మొదటి రోజు, "ముఖం బావుందమ్మా, మాటే పల్నాడు బస్సెక్కి వచ్చింది" అన్నాడు డైరెక్టరు. అందరూ నవ్వారు. కొత్తది కదా, సుందరి కూడా నవ్వింది. ఆ నవ్వినందుకు ఆమెకు ఇప్పటికీ తన మీద కోపమే.

"ఈ సినిమాలో నా గొంతేనమ్మా" అంది తల్లి మంచం మీదికి జరిగి. "అక్కడికక్కడ మాట కూడా పట్టేస్తారు. ఎవరో పెట్టేది ఉండదు. డైరెక్టరు నరసరావుపేట పిల్లోడు. మీ యాసే కావాలమ్మా అని వెతుక్కుంటా వచ్చినాడు."

ఇన్నమ్మ చెయ్యి చాచి, కూతురి భుజం తడిమి, అక్కడ్నుంచి మెడ దగ్గరకు వచ్చి, గొంతు మీద అరచెయ్యి ఆనించింది.

"ఇదేనా?"

"ఇదే."

"అయితే పోయేలోపు ఒక్కసారి వింటా" అంది ఇన్నమ్మ. "మాబూ, అప్పుడు నువ్వు కూడా మాట్లాడమాకు."

*

విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ వాళ్ళ పాత క్వార్టర్లలో ఒకదాన్ని పల్లెటూరి ఇల్లుగా మార్చారు. వరండాలో అరబస్తా ఎండుమిరపకాయలు రాశి పోశారు. సుందరి పని ఆ రాశి ముందు కూర్చుని తొడిమలు తీయడం, కొడుకు వచ్చి నిలబడితే మాట్లాడటం. ఒక్క సీను. సినిమాకి అదే ప్రాణమని డైరెక్టరు చైతన్య మూడుసార్లు చెప్పాడు.

తొడిమలు తీయడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కాయను ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి, కుడి చేత్తో తొడిమను పక్కకు వంచితే టక్కున ఊడాలి. పైకి లాగితే కాయ చిరిగి గింజ రాలుతుంది, మేస్త్రి తిడతాడు. పన్నెండేళ్ళ వయసు నుంచి ఇరవై దాకా ఏటా వేసవంతా ఆమె వేళ్ళు ఆ పనే చేశాయి. ఇన్నేళ్ళు ఉంగరాలు పెట్టుకుని తిరిగినా వేళ్ళు ఆ సంగతి మర్చిపోలేదు.

మర్చిపోవాల్సింది వేరే ఉంది. సీరియల్లో డైలాగు ఎవరూ బట్టీ పట్టరు. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు గట్టిగా చదువుతుంటే, వెనకే పెదవులు కదపడమే. మరీ పొడుగు డైలాగైతే ఒకటి, రెండు, మూడు అని అంకెలు చెప్పినా సరిపోతుంది, పైన ఎలాగూ పూర్ణిమ పలుకుతుంది. అట్లా అంకెలతో సుందరి ఎందరో కోడళ్ళను ఇంట్లోంచి గెంటింది. ఇక్కడ చదివేవాళ్ళు లేరు. సౌండు చూసే ప్రవీణ్ కుమార్ జాకెట్టు లోపల చిన్న మైకు పెట్టించి, ఫ్యాన్లన్నీ ఆపించి, అవతల రోడ్డు మీద బస్సు వెళ్ళేదాకా అందర్నీ నిలబెట్టాడు. ఆ నిశ్శబ్దంలో సుందరి తన డైలాగు కాగితం మరోసారి తీసి చూసుకుంది.

కాగితం మీద ఉన్న మాట ఇది: "వచ్చావా నాయనా? నీ కోసం ఏడేళ్ళుగా కళ్ళు కాయలు కాసేలా ఎదురు చూస్తున్నాను."

సుందరి చైతన్యను పిలిచింది. "బాబూ, మన పక్క తల్లి ఇట్టా మాట్లాడదు. నా మాటల్లో అననా?"

"అనండమ్మా. బాగోకపోతే మళ్ళీ ఇదే అందాం."

యాక్షన్ అన్నారు. సుందరి తల వంచి తొడిమలు తీస్తోంది. ఎదురుగా నీడ పడింది. కొడుకు వేషం కుర్రాడు నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. చేతులు ఆగలేదు. ఇంకో కాయ తీసింది, ఇంకోటి తీసింది.

"వచ్చినావా?" అంది. టక్కున తొడిమ ఊడింది. "నిన్ను తిట్టాల్సినయ్యి చానా ఉండయ్యి. ముందు కాళ్ళు కడుక్కో." ఇంకో కాయ. ఈసారి తొడిమ రాలేదు, కాయ చిరిగిపోయింది. చిరిగిన కాయ వంక చూసి, అప్పుడు తల ఎత్తింది. "అన్నం తిన్నాక తిడతా."

చైతన్య కట్ చెప్పడం మర్చిపోయాడు. లైట్లు పట్టుకున్న పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగాడు. చెమట తుడుచుకున్నాడో ఇంకేం తుడుచుకున్నాడో ఆయనకే తెలియాలి. చివరికి ప్రవీణ్ కుమార్ వచ్చి, తన తలకున్న హెడ్‌ఫోన్లు తీసి సుందరి తలకు పెట్టాడు.

గరుకుగా, కాస్త బొంగురుగా, ఎండకు వాడినట్టున్న గొంతు వినిపించింది. మొదట ఎవరిదో అనుకుంది. రెండో మాటకు అమ్మ గొంతనుకుంది. మూడో మాటకు గాని అది తనదని అర్థం కాలేదు. సుందరికి సంతోషమేసింది. సంతోషమంటే సామాన్యమైన సంతోషం కాదు, నలభై ఆరేళ్ళ మనిషి చిన్నపిల్లలా "ఇంకోసారి పెట్టవా నాయనా" అని అడిగేంత సంతోషం.

ఆ సాయంత్రం ఫోన్లో తల్లితో, "పట్టేశారమ్మా" అని ఒక్క మాటే చెప్పింది.

"ఊళ్ళో అందరికీ చెప్పినా" అంది ఇన్నమ్మ. "చర్చి ఫాదర్‌కి కూడా చెప్పినా."

*

రెండు రోజుల తర్వాత పొద్దున్నే సినిమా మేనేజరు సుందరి గదికి వచ్చాడు. ఎప్పుడూ ఫోను చేసి పిలిచేవాడు, ఆ రోజు తనే టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. సినిమావాళ్ళు టీ తెచ్చిస్తే మంచి కబురు కాదని ఆ రంగంలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుసు.

"చిన్న అడ్జస్ట్‌మెంటు మేడమ్" అన్నాడు. "ఆ తల్లి వేషానికి బొంబాయి నుంచి ఒకావిడ వస్తున్నారు. ఒకప్పటి పెద్ద హీరోయిన్. ఆవిడుంటే హిందీలో కూడా అమ్ముడవుతుందని నిర్మాత గారు పట్టుబట్టారు. నిన్న ఖాయమైంది. మీ సీను రేపు ఆవిడతో మళ్ళీ తీస్తాం."

సుందరి టీ గ్లాసు కింద పెట్టింది. గొడవపెట్టడం ఆమెకు చేతకాక కాదు. టీవీలో రోజూ చేసే పనే. కాని అక్కడ మాటలు ఎవరో రాసిచ్చేవారు.

"డైరెక్టరు గారు ఏమన్నారు?"

"ఆయనేమంటారు మేడమ్. పాపం, కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మీ ముందుకి రాలేక నన్ను పంపారు." మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "కానీ ఒక మంచి మాట. మీ వాయిస్ మాత్రం ఉంచుకుంటారు. అంత బాగా ఇంకెవరూ చెప్పలేరంట. మొన్న పట్టిన మీ మాటే స్పీకర్లో వేస్తాం, ఆవిడ దానికి పెదాలు కలుపుతారు, పాటకి కలిపినట్టు. మీరు పక్కనుండి కాస్త నేర్పించాలి. ఇదిగో, ఈ కాగితం మీద సంతకం."

మేనేజరు వెళ్ళాక సుందరి వరండాలోకి వచ్చి నిలబడింది. ఒళ్ళు మండిపోయింది. సంచి సర్దుకుందాం, తొమ్మిదింటి బస్సెక్కుదాం అనుకుంది. పదకొండేళ్ళు నా మాట పనికిరాదని ముఖం మాత్రం తీసుకున్నారు. ఇప్పుడు ముఖం పనికిరాదని మాట తీసుకుంటున్నారు. నేను మొత్తంగా ఎవరికీ పనికిరానా అనుకుంటే దుఃఖం ముంచుకొచ్చింది. సంతకం పెట్టకపోతే నష్టం వాళ్ళకే. ఇంకెవరితోనో చెప్పించుకుంటారు, అది ఇంతలా రాదు. ఆ మాత్రం పౌరుషం చూపించే హక్కు తనకుంది.

సంచి సగం సర్దింది. సర్దుతూ సర్దుతూ ఆగిపోయింది. పౌరుషం చూపిస్తే ముఖంతో పాటు గొంతూ పోతుంది. అప్పుడిక ఆ నులక మంచం దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి? ఊరందరికీ చెప్పినా అంది అమ్మ. ఫాదర్‌కి కూడా చెప్పిందట. ఊళ్ళో చూపున్న వాళ్ళందరికీ ఈ సినిమాలో సుందరి కనబడదు. కాని చూపు లేని మనిషి ఒకతె ఉంది. ఆమెకు ఈ సినిమాలో సుందరి తప్ప ఇంకెవరూ ఉండరు.

ప్రవీణ్ కుమార్‌ని వెతుక్కుంటూ వెళ్ళింది. అతను మెట్ల మీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, చేతిలో వైరు అట్లాగే ఉంది.

"సంతకం పెడతా నాయనా. నాదొక్కటే కోరిక. రేపు తీశాక ఆ సీను ముక్క నా ఫోన్లో వెయ్యాలి."

"బయటకి ఇవ్వకూడదమ్మా. తెలిస్తే నా ఉద్యోగం పోతుంది."

"మా అమ్మకి కళ్ళు లేవు" అంది సుందరి. అతను వైరు చుట్టడం పూర్తి చేసి, సరేనన్నట్టు తల ఊపాడు.

*

బొంబాయి ఆవిడ చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే సుందరికి పని తేలికయ్యేది. తెల్లగా, సన్నగా, అరవై దగ్గరపడినా నిటారుగా ఉంది. ముఖానికి నల్లరంగు పూసి, నేతచీర కట్టి మిరపకాయల ముందు కూర్చోబెట్టారు. సుందరి పక్కనే కూర్చుని కాయ ఎట్లా పట్టుకోవాలో చూపించింది. ఆవిడ బుద్ధిగా నేర్చుకుంది. పది కాయలు కాకముందే చెయ్యి కంట్లో పెట్టుకుంది.

సుందరి గబగబా లేచి, కొబ్బరినూనె తెప్పించి ఆవిడ వేళ్ళకు రాసింది. తడిగుడ్డతో కళ్ళు ఒత్తింది. ఆవిడ కన్నీళ్ళు కారుస్తూనే, "సారీ, సారీ" అంది. మంట తగ్గాక వచ్చీరాని తెలుగులో, "నేను ముప్పై తెలుగు పిక్చర్ చేసాను. నా వాయిస్ ఎవరు చెప్పారు, నేను ఎప్పుడూ అడగలేదు. ఈ రోజు ఫస్ట్ టైమ్ చూస్తున్నాను, మిమ్మల్ని" అంది.

తనూ ఎప్పుడూ అడగలేదని సుందరికి తోచింది. పూర్ణిమను పదకొండేళ్ళలో రెండుసార్లు చూసింది, రెండుసార్లూ సీరియల్ వార్షికోత్సవం భోజనాల దగ్గరే. ఆ మనిషికి పిల్లలున్నారో లేదో తెలియదు. తన గొంతు కాజేసిన మనిషిగా తప్ప ఆమెను గురించి ఎప్పుడూ ఇంకోలా అనుకోలేదు.

షాట్ మొదలైంది. స్పీకర్లోంచి సుందరి గొంతు వచ్చింది: "వచ్చినావా?" ఆవిడ పెదవులు కదిలాయి. సుందరి కెమెరా వెనక నిలబడి చూసింది. మాట తనది, మాట మధ్య ఊపిరి తనది, టక్కున ఊడిన తొడిమ చప్పుడు కూడా తనదే. ముఖం ఇంకొకరిది. ఐదోసారికి కలిసింది. కలిసినప్పుడు నిజంగానే బావుంది. బావుందని ఒప్పుకోవడమే అన్నిటికంటే కష్టమైంది. చైతన్య ఆ రోజంతా సుందరి ఉన్న వైపు తల తిప్పలేదు. చివరికి సాయంత్రం వచ్చి, "అమ్మా" అన్నాడు. సుందరి అతని జబ్బ తట్టి, "సీను బాగొచ్చింది బాబూ" అంది. ఆ మాటకు అతను తల దించుకున్నాడు.

గదికి వచ్చి పూర్ణిమ నంబరు వెతికి ఫోను చేసింది. అవతల అదే శుభ్రమైన గొంతు, "చెప్పండి సుందరి గారూ, ఏమైనా డేట్లు మారాయా?" అంది.

"లేదమ్మా. ఊరికే చేసినా."

పూర్ణిమ ఒక్క క్షణం తడబడింది. ఆమెకు ఎవరూ ఊరికే ఫోను చేసినట్టు లేదు.

"మీ అమ్మగారు ఉన్నారా?" అని అడిగింది సుందరి.

"ఉందండీ. విజయవాడలో. రోజూ సీరియల్ చూస్తుంది." పూర్ణిమ నవ్వింది. "టీవీలో మిమ్మల్ని చూపించి, ఇది మా అమ్మాయే అంటుంది. వచ్చినవాళ్ళు ముఖం చూసి కాదంటారు. ఆవిడకి ఎంత కోపమో. మీరేమీ అనుకోకండి."

"ఏం అనుకోను" అంది సుందరి. "అమ్మగారి మాటే నిజం."

*

ఆదివారం మధ్యాహ్నం సుందరిని బండి మీద తెచ్చి ఇంటి దగ్గర దింపి శౌరి పొలానికి వెళ్ళిపోయాడు. సీరియల్ లేని రోజు. అయినా మాబున్నీసా అప్పటికే వచ్చి కూర్చుంది, సుందరి వస్తుందని తెలిసి. సుందరి చెప్పులు విడవకముందే ఇన్నమ్మ మంచం మీద ముందుకు జరిగింది.

"తెచ్చినావా?"

"తెచ్చినా."

"కూలర్ ఆపు మాబూ."

కూలర్ ఆగాక ఇల్లు ఒక్కసారిగా ఉడికిపోయింది. సుందరి తల్లి పక్కన కూర్చుని ఫోను నొక్కింది. మొదట ఏమీ లేదు. తర్వాత టక్కు, టక్కుమని తొడిమల చప్పుడు. ఆ చప్పుడుకే ఇన్నమ్మ వేళ్ళు ఒళ్ళో కదిలాయి.

*వచ్చినావా?*

ఇన్నమ్మ ఫోను వైపు చెవి వంచింది. *నిన్ను తిట్టాల్సినయ్యి చానా ఉండయ్యి. ముందు కాళ్ళు కడుక్కో.* ముసలామె ముఖంలో ముడతలన్నీ ఒకచోటికి వచ్చాయి. *అన్నం తిన్నాక తిడతా.*

అయిపోయింది.

"నా మాటలు దొంగిలించినావే" అంది ఇన్నమ్మ. "దొంగముండా." ఆ తిట్టు ఎనిమిది నెలలుగా వాయిదా పడుతూ వచ్చిన తిట్టు. అది అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నాలుగేళ్ళకి నా కూతురు కనబడింది మాబూ."

మాబున్నీసా లేచింది. ఆమె సుందరి భుజం మీదుగా వంగి ఫోను చూసింది. చూసి, కళ్ళు చికిలించి, ఫోను ఇంకా దగ్గరకు తీసుకుంది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. చెప్పడానికి నోరు తెరిచి సుందరి వంక చూసింది.

సుందరి తల అడ్డంగా ఊపింది. వద్దన్నట్టు ఒక్కసారి, చాలా చిన్నగా.

"ఇంకోసారి పెట్టు" అంది ఇన్నమ్మ. "మాటలు విన్నాగా. ఇప్పుడు నువ్వు చెప్పు మాబూ. నా బిడ్డ ఎట్టుందో చెప్పు. చీరేంది? మొగం ఎట్టా పెట్టింది?"

నాలుగేళ్ళుగా మాబున్నీసా ఉన్నది ఉన్నట్టు చెప్పింది, జుంకీలతో సహా. చీర రంగులో కూడా అబద్ధం ఆడని మనిషి. రోజా ఉపవాసాల్లోనూ, నమాజుల్లోనూ నిక్కచ్చి. అట్లాంటి మనిషిని ఇప్పుడేమని అడగాలి?

"అత్తా" అంది సుందరి మెల్లగా.

"నువ్వు పెట్టమ్మా" అంది మాబున్నీసా. "నేను చెబుతా."

సుందరి మళ్ళీ నొక్కింది. టక్కు, టక్కు. ఫోన్లో నల్లరంగు పూసిన తెల్లటావిడ తల వంచి మిరపకాయలు తీస్తోంది. మాబున్నీసా ఫోను వంక చూడలేదు. సుందరికి ఎదురుగా తిరిగి, ఆమె ముఖంలోకి చూస్తూ మొదలుపెట్టింది.

"నీలం చీర వదినా. నేత చీరే, ఉతికి ఉతికి రంగు దిగింది. చేతికి గాజుల్లేవు. జుట్టు ముడేసుకుంది, చెవి కాడ రెండు వెంట్రుకలు తెల్లబడ్డయ్యి."

"రంగెయ్యలా?"

"ఎయ్యలా. మేకప్పు ఏం లేదు. కుడి బుగ్గ మీద మచ్చ ఉందిగా, చిన్నప్పుడు నీ పొయ్యి కాడ కాల్చుకుంది, అది కూడా కనపడతంది."

"అదీ చూపించినారా!" అంది ఇన్నమ్మ మురిసిపోతూ. "టీవీలో రంగేసి కప్పెట్టేవాళ్ళు."

"ఇందులో కప్పెట్టలా. నుదుటన చెమట పట్టింది. బాగా చిక్కింది వదినా. కళ్ళ కింద నల్లబడింది. ఎన్నాళ్ళో నిద్రలేనట్టుంది." మాబున్నీసా చెప్పేదాంట్లో ఒక్క అబద్ధం లేదు.

*అన్నం తిన్నాక తిడతా*, అంది ఫోను.

"తల ఎత్తిందా?"

"ఎత్తింది. ఇటే చూస్తంది."

"ఏడుస్తందా?"

మాబున్నీసా చెయ్యి చాచి, పెద్దామెకు చప్పుడు వినబడకుండా, సుందరి చెంపను పైట చెంగుతో ఒత్తింది.

"ఏడవటంలా వదినా. కళ్ళ నిండా నీళ్ళు ఉండయ్యి గానీ, ఎదటి మనిషికి తెలవకూడదని ఆపుకుంటంది."

"అది అంతే" అంది ఇన్నమ్మ తృప్తిగా, గోడకు వాలుతూ. "చిన్నప్పట్నించీ అంతే. ఇంకోసారి పెట్టవే."

సుందరి మళ్ళీ పెట్టింది. మాబున్నీసా మళ్ళీ మొదట్నుంచి, నీలం చీర దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.